వంత గొంతు

కలిసి పాడటం గురించి తెలుగులో ఉన్న మాటలన్నీ ఒక్కొక్కటే ఎగతాళిలోకి జారిపోయాయి. పైవాడు చెప్పినదానికల్లా ఔననేవాణ్ని ‘వంత పాడుతున్నాడు’ అంటాం. ఇద్దరు మరీ ఒద్దికగా ఉంటే ‘తానా అంటే తందానా’ అని నవ్వుకుంటాం. నాయకుడి మాటనే పదిమంది అనుచరులు తిప్పి చెబితే ‘కోరస్ అందుకున్నారు’ అని పత్రికలు రాస్తాయి, మా పత్రికతో సహా. ఒంటరిగా పాడినవాడికి గాయకుడని పేరు, బిరుదు, శాలువా. పదిమందిలో నిలబడి పాడినవాడు ఫొటోలో వెనక వరస.

బుర్రకథ చూసి ఎరిగినవాళ్లు ఈ ఎగతాళికి ఒప్పుకోరు. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, అటొకరూ ఇటొకరూ వంతలు. ఒక వంత హాస్యం అందుకుంటే రెండో వంత రాజకీయం అందుకుంటాడు. కథకుణ్ని మధ్యలో ఆపి ‘అదేమిటి?’ అని నిలదీసే హక్కు కూడా వాళ్లదే. ఇవన్నీ ఒక ఎత్తు, వంతలు చేసే అసలు పని ఒక ఎత్తు. కథకుడు గుక్క తిప్పుకునే వేళ పాట కింద పడకుండా వాళ్లు పట్టుకుంటారు. షేక్ నాజర్ అంతటి బుర్రకథకుడికైనా రాత్రంతా కథ నడిపే సత్తువ ఆ అరక్షణంలోనే వచ్చేది.

ఆ అరక్షణం గురించే ఈ నెల నాలుగు మాటలు. దానికి ముందు కాస్త దూరం వెళ్లి రావాలి.

న్యూయార్కులో హార్లెమ్ అనే పేట ఉంది. నల్లవారి సాహిత్యానికీ సంగీతానికీ ఒకనాటి రాజధాని. 1968 నాటికి ఆ వైభవం పాతబడింది. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన సంవత్సరం అది. నిరుద్యోగం, మాదకద్రవ్యాలు, చదువు మానేసి వీధిన పడే పిల్లలు. ఆ ఏడాది వాల్టర్ టర్న్‌బుల్ అనే యువ గాయకుడు ఎఫెసస్ చర్చి నేలమాళిగలో కొందరు పిల్లల్ని పోగేసి పాట నేర్పడం మొదలుపెట్టాడు. మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో పుట్టి, సంగీతం చదువుకోవడానికి న్యూయార్కు వచ్చినవాడు. 1975లో ఆ చర్చి బృందమే లాభాపేక్ష లేని సంస్థగా మారి ‘బాయ్స్ క్వయర్ ఆఫ్ హార్లెమ్’ అయింది. తర్వాత ఆడపిల్లల బృందమూ వచ్చింది.

ఎనిమిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వయసు. బడి అయ్యాక సాధన. బాఖ్, మోజార్ట్, తాతముత్తాతలు పత్తి చేలల్లో పాడుకున్న భక్తిగీతాలు, జాజ్, అన్నీ ఒకే కచేరీలో. పాటతో పాటే హోంవర్కు, లెక్కల్లో వెనకబడినవాడికి ప్రత్యేకంగా పాఠం, ఇంట్లో గొడవలుంటే కూర్చోబెట్టి మాట్లాడే మనిషి. 1980ల చివరికి నగర విద్యాశాఖతో కలిసి ఒక బడే పెట్టారు. 1993లో దానికి మాడిసన్ అవెన్యూ మీద ప్రత్యేక భవనం వచ్చింది. 1989లో వచ్చిన ‘గ్లోరీ’ సినిమా చూసినవాళ్లు ఈ పిల్లల గొంతులు వినే ఉంటారు. జేమ్స్ హార్నర్ నేపథ్య సంగీతానికి ప్రాణం పోసింది వాళ్లే. ఆ బడిలో చదువు పూర్తి చేసినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా కాలేజీ మెట్లెక్కారని చెప్పుకునేవారు.

ఆ లెక్కను పూర్తిగా పాట ఖాతాలో రాయడం న్యాయం కాదు. పరీక్ష పెట్టి తీసుకున్న పిల్లలు వాళ్లు. సాయంత్రం పూట వెళ్లడానికి ఒక చోటు, పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే నాథుడు ఉన్నప్పుడు పాట లేకపోయినా పిల్లలు కొంత దారిన పడతారు. మరి పాట ఎందుకు? ఉత్త ట్యూషన్ సెంటర్ పెడితే పోయేదిగా?

దీనికి జవాబు బృందగానం లోపలి పనితనంలో ఉంది. సాధన గదిలో ఒక స్వరాన్ని పదహారు మాత్రల పాటు తెగకుండా నిలపాలనుకోండి. ఏ పిల్లవాడి ఊపిరీ అంతసేపు ఆగదు. అందుకని గురువు ముందే చెబుతాడు: ‘అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోవద్దు. పక్కవాడు తీసుకుంటున్నాడని తెలిస్తే నువ్వు ఆగు. నీకు కావాలనిపించినప్పుడు మెల్లగా తప్పుకో, గాలి పీల్చుకో, వినపడకుండా తిరిగి వచ్చి కలువు.’ మొదటి వారం అందరూ ఒకేచోట తెగుతారు. పాట గోతిలో పడ్డ బండిలా కుదుపు తింటుంది. నెల తిరిగేసరికి కుదుపు పోతుంది. కళ్లు మూసుకుని వింటే ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో గురువుకే అంతుపట్టదు. ఎక్కడ తీసుకున్నారో పక్కవాడికి మాత్రం తెలుసు. నేను కాసేపు ఆగినా పాట ఆగదు, నేను తిరిగి వచ్చేసరికి నా చోటు నాకుంటుంది అన్న నమ్మకాన్ని పన్నెండేళ్ల పిల్లవాడికి ఏ ట్యూషన్ మాస్టారూ బోర్డు మీద రాసి నేర్పలేడు.

ఇంకొకటి. పదమూడు పద్నాలుగేళ్లకి మగపిల్లల గొంతు విరుగుతుంది. నిన్నటిదాకా పైస్థాయి వెన్నలా పలికినవాడికి ఒకరోజు పొద్దున గొంతులో గరుకు కాగితం తగులుతుంది. ఐరోపాలోని పాత చర్చి బృందాలు చాలావాటిలో అంతటితో వాడి పని సరి. హార్లెమ్‌లో వాణ్ని ఇంటికి పంపలేదు. వెనక వరసకి జరిపారు. గొంతు కుదుటపడ్డాక కింది స్థాయిలో పాడించారు. కుర్రవాడు ఇంట్లోనూ వీధిలోనూ ఎవరికీ కాకుండా పోయే వయసది. ఆ వయసులోనే వాడికి కొత్త చోటు చూపించారు.

నాకు అలాంటి చోటు దొరకలేదు. ఎనిమిదో తరగతిలో బడి వార్షికోత్సవానికి దేశభక్తి గీతం నేర్పారు. రెండు వారాలు సాధన చేశాక ముందురోజు సాయంత్రం మాస్టారు నా దగ్గరికి వచ్చి, ‘నువ్వు నోరు కదుపు చాలు, గొంతు విప్పకురా’ అన్నారు. కదిపాను. ఫొటోలో చక్కగా పాడుతున్నట్టే ఉన్నాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. పాట బాగుండాలన్నది ఆయన తాపత్రయం. ఇవాళ్టికీ మన బళ్లలో పొద్దుటి ప్రార్థన అలాగే నడుస్తుంది. మంచి గొంతున్న నలుగురు మైకు ముందు నిలబడతారు. మిగతా నాలుగొందలమంది చేతులు జోడించి పెదవులు కదుపుతారు.

టీవీ వచ్చాక ఈ అలవాటు ఇంకో మెట్టు ఎక్కింది. పాటల పోటీలు ఎందరో మంచి గాయకుల్ని మనకి ఇచ్చాయి, కాదనలేం. ‘పాడుతా తీయగా’లో బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లల ఉచ్చారణ దిద్దిన తీరు చూసి తెలుగు నేర్చుకున్న ఇళ్లున్నాయి. అయితే పోటీకి ఒక ధర్మం ఉంది, వారానికి ఒకరు వెళ్లిపోవాలి. ‘ఎలిమినేషన్’ అన్న మాట ఇప్పుడు మన ఏడేళ్ల పిల్లలకి కూడా తెలుసు. పక్కవాడి ఊపిరి తెగితే అక్కడ నాకు లాభం. బృందంలో పక్కవాడి ఊపిరి తెగితే నాకు పని.

మనకి ఈ విద్య తెలియనిదేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. వాళ్లని తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అన్నారు. ఆ రేడియో మైకు ముందు గుంపుగా పాడిన పిల్లల్లో ఎందరు గాయకులయ్యారని ఎవరూ లెక్క తీయలేదు, తీయాల్సిన అవసరమూ రాలేదు. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ మలయాళ సినిమాకి సంగీత దర్శకుడిగా పేరు పొందారు. ఆయన మనసు మాత్రం బృందగానంలో ఉండేది. మద్రాస్ యూత్ క్వయర్‌ను నిలబెట్టి, వృత్తిగాయకులు కాని యువతీయువకుల చేత అనేక భారతీయ భాషల్లో పాడించారు. 1988లో ఆయన పోయారు. ఆయన పేరుతో తిరువనంతపురంలో ఒక యువబృందం వెలిసింది. కేరళవాళ్లు ఆయన్ని తమవాడిగా తలచుకుంటారు. పుట్టిన గడ్డ మీద మనకి ఆయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

హార్లెమ్ బృందం మాత్రం అలా నిలవలేదు. ఆ సగం చెప్పకుండా వదిలేస్తే ఈ సంపాదకీయం భజన అవుతుంది.

2001లో ఆ బడి విద్యార్థి ఒకడు, అక్కడ పిల్లలకి మంచిచెడ్డలు చెప్పే ఉద్యోగి తనపై లైంగిక అత్యాచారం చేశాడని చెప్పాడు. ఆ ఉద్యోగికి తర్వాత శిక్ష పడింది. సంస్థ పెద్దలు విషయం తెలిసీ అధికారులకి చెప్పలేదని, ఆ మనిషిని పిల్లల మధ్యే ఉండనిచ్చారని దర్యాప్తులో తేలింది. టర్న్‌బుల్ పరిపాలన బాధ్యత వదులుకోవాల్సి వచ్చింది. అప్పులు ముందే ఉన్నాయి, దాతలు వెనక్కి తగ్గారు. 2006లో నగరం ఆ బృందాన్ని బడి భవనం నుంచి ఖాళీ చేయించింది. 2007 మార్చిలో టర్న్‌బుల్ కన్నుమూశాడు. పాట అక్కడితో తెగింది. దేశాధ్యక్షుడి చేతుల మీదుగా జాతీయ కళా పతకం అందుకున్న బృందం, పతకం వచ్చిన పదేళ్లకే మూగబోయింది.

ఒకరు ఊపిరి తీసుకుంటే ఇంకొకరు అందుకోవాలని పిల్లలకి దాదాపు నలభై ఏళ్లు నేర్పిన సంస్థ ఆ నియమాన్ని తన పెద్దలకి వర్తింపజేయలేదు. ఒక్క మనిషి చుట్టూ కట్టుకున్నారు. ఆయన్ని ఆపి ‘అదేమిటి?’ అని నిలదీసే వంత లేకపోయింది. దీనికి ఎదురుగా షికాగోను చూడండి. అక్కడ 1956లో క్రిస్టఫర్ మూర్ అనే మతాచార్యుడు హైడ్ పార్క్ పేటలోని చర్చిలో, నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ పక్కపక్కన నిలబెట్టి ఒక బృందం మొదలుపెట్టాడు. స్థాపకుడు పోయాక కూడా అది నగరంలోని బడుల్లోకీ పేటల్లోకీ పాకింది. 2022లో ‘యునైటింగ్ వాయిసెస్ షికాగో’ అని పేరు మార్చుకుని నేటికీ నడుస్తోంది. స్థాపకుడి గుక్క ఆగినప్పుడు అందుకునే గొంతులు అక్కడ ఉన్నాయి.

ఇక మన సంగతి. సాయంత్రం ప్రభుత్వ బడి గంట కొడతారు. కలిగినవాళ్ల పిల్లలు ట్యూషన్‌కి పోతారు. మిగతావాళ్లు చీకటి పడేదాకా, పొలం నుంచో పని నుంచో అమ్మ వచ్చేదాకా, సెల్‌ఫోన్‌తోనో సెంటర్లోనో గడుపుతారు. పదో తరగతి వాళ్లకి ప్రత్యేక తరగతులుంటాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లని పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు. సంగీతం మాస్టారి పోస్టు ఉన్న బడి వెతికితే గానీ దొరకదు. అయినా ప్రతి ఊళ్లో రామాలయంలో భజన చేసే తాత ఉన్నాడు, చర్చి క్వయర్‌లో పాడే అక్క ఉంది, కోలాటం నేర్పే గురువు ఉన్నాడు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాళ్లు పదిమంది ఉన్నారు. వీళ్లని ఒక గదిలోకి చేర్చడానికి కోట్లు అక్కర్లేదు.

ఈ పని తలపెట్టేవాళ్లకి మా మనవి ఇది. వారానికి మూడు సాయంత్రాలు చాలు. ముందు ఇంత పల్లీచిక్కీ పెట్టండి. ఆకలితో ఉన్న పొట్ట ఊపిరి నిలపలేదు. ఒక గంట హోంవర్కు, ఒక గంట పాట. గొంతు పరీక్ష పెట్టొద్దు, వచ్చినవాళ్లందర్నీ నిలబెట్టండి. గొంతు విరిగినవాణ్ని పంపేయొద్దు. ఎవరి చేతా ఉత్తినే నోరు కదిపించొద్దు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపు తీసి ఉండాలి. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం మన దగ్గర నేరం. అది రాసి గోడకి అంటించండి. జమాఖర్చుల పుస్తకం అడిగినవాళ్లకి చూపించండి. మొదటి రోజునే, మీరు లేనప్పుడు నడిపే రెండో మనిషి ఎవరో తేల్చుకోండి.

ఏడాది తర్వాత మీ ఊరి పిల్లలు కచేరీ చేస్తే మాకు ఒక కార్డు ముక్క రాయండి. వస్తాం. వెనక వరసలో చోటుంటే, ఈసారి గొంతు విప్పి పాడతాం.