చేను కనబడినది, రైతు కనబడలేదు



“ఆన్‌లైనులో మీ పేరు లేదు” అను మాట నేడు మన పల్లెలలో తరచుగా వినబడుచున్నది. ఎరువుల కొరకు వెళ్ళిన చోట, ధాన్యము అమ్మబోయిన చోట, పంట నష్టపు జాబితా చదువు చోట ఈ మాట వినబడును. నలుబది యేండ్లుగా ఒకే చేను దున్నుచున్న రైతు ఈ మాట విని తెల్లబోవును. ఊరిలో అతనిని ఎరుగని వారు లేరు. అతని గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో పసిపిల్లలు సైతము చెప్పగలరు. అయినను లెక్కలో అతడు లేడు.

ఇట్టి రైతు విషయములో మనము ఏమి చేయవలెనో ఈ వ్యాసములో మనవి చేయదలచినాను. నా అభిప్రాయము ఒక్కటే. అంతర్జాలము వాడుట, వాడకుండుట రైతు ఇష్టము. అది తెలియకపోవుట నేరము కాదు. పొలములో ఉన్న మనిషిని లెక్కలోనికి ఎక్కించు బాధ్యత ముందుగా లెక్క వ్రాయువానిది. ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు నా వలన జరిగిన పొరపాటు ఒకటి చెప్పుకొనుట న్యాయము.

2024 ఖరీఫ్‌లో నేను పనిచేయుచున్న మండలములో ఒక పెద్దాయన రెండెకరముల సొంత భూమిలో వరి వేసినాడు. ఇల్లు ప్రధాన గ్రామమునకు మూడు కిలోమీటర్ల దూరమునగల శివారు పల్లెలో ఉన్నది. చేతిలో బటన్ల ఫోను కలదు. దానికి వాట్సప్ లేదు. కుమారుడు హైదరాబాదులో కూలిపనికి పోయినాడు. మా సిబ్బంది సకాలమున చేనికి వెళ్ళి ఇ-పంటలో సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణము ఎక్కించి, చేను ఫోటో కూడ తీసినారు. ఆ తరువాత రైతు స్వయముగా వచ్చి వ్రేలిముద్ర వేసి ఆ నమోదు తనదేనని ధ్రువపరచవలెను. దీనినే ఇ-కె.వై.సి. అనుచున్నారు. అందుకు ఆఖరు తేదీని నేను వాట్సప్ గుంపులో మూడుసార్లు పెట్టినాను. జాబితాను రైతు సేవా కేంద్రము గోడకు అంటించినాము. నా పని ముగిసినదని తలచినాను.

కోతలైన తరువాత ఆ పెద్దాయన ధాన్యము అమ్ముకొనుటకు వచ్చినాడు. వ్రేలిముద్ర పడలేదు గనుక అతని నమోదు పూర్తి కాలేదు, సవరణ గడువు కూడ దాటిపోయినది. నేను విషయము చెప్పగా ఆయన కొంతసేపు ఊరకుండి, “బాబూ, మీరు నా చేని గట్టు మీద నిలబడి ఫోటో తీసుకుపోయారు గదా. చేను కనబడింది గాని నేను కనబడలేదా?” అని అడిగినాడు. నేను జవాబు చెప్పలేకపోయినాను.

ఆ సంవత్సరము సాధారణ రకము ధాన్యమునకు కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాకు 1,725 రూపాయలు. ఆయన అరువది బస్తాలలో పది తిండికి ఉంచుకొని, మిగిలిన ఏబది బస్తాలను బస్తా 1,450 రూపాయల చొప్పున దళారికి అమ్మినాడు. బస్తాకు 275 రూపాయల వంతున మొత్తము 13,750 రూపాయలు పోయినవి. రెండెకరముల రైతుకు అది వచ్చే పంటకు విత్తనము, దమ్ము, నాట్ల కూలి. ఆ రైతు పంట పండించుటలో ఏ లోపమును చేయలేదు. అతనికి కబురు చేరకపోవుటయే లోపము. ఆ కబురు చేర్చవలసినవాడను నేను.

సమాచారము వేరు, నమోదు వేరు

పూర్వము వ్యవసాయ విజ్ఞానము రైతును వెదకుకొనుచు వచ్చెడిది. 1952లో సమాజ వికాస పథకము ప్రారంభమైనప్పుడు గ్రామసేవకుడు ఊరూర తిరిగి, చేనిలోనే నిలబడి మంచి విత్తనము గూర్చి, ఎరువు గూర్చి చెప్పెడివాడు. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసిన తరువాత పంచాయతీ అరుగు మీది రేడియో చుట్టు పదిమంది కూర్చుండి వ్యవసాయ కార్యక్రమము వినెడివారు. చదువు రానివాడును వినగలిగెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి కలదు. రేడియో వినువాని పేరు అడుగలేదు. వినినవానికి లాభము, వినని వానికి ఆ లాభము లేకపోయినను, ఉన్న హక్కు మాత్రము పోలేదు.

నేటి సాధనము అట్టిది కాదు. అది సమాచారము చెప్పుటతో ఆగక, మనిషిని నమోదు చేయును. పి.ఎం. కిసాన్ సొమ్ము, ధాన్యము కొనుగోలు, పంటల బీమా, నష్టపోయిన పంటకు పెట్టుబడి రాయితీ, ఇవన్నియు నమోదు మీదనే ఆధారపడి యున్నవి. వీనికి తోడు, 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన డిజిటల్ వ్యవసాయ మిషను క్రింద రైతుకు ఒక విశిష్ట సంఖ్య ఇచ్చుచున్నారు. అది భూమి రికార్డుతో ముడిపడి యుండును. అందుచేత కౌలురైతు విషయమున మరింత జాగ్రత్త అవసరము. భూమి అతని పేరున ఉండదు, పంట మాత్రము అతనిది. మన రాష్ట్రములో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము ఆ లోపమును తీర్చుటకే వచ్చినది. అయినను, పంట నమోదులో కౌలుదారు పేరు పడనిచో, చెమట ఒకరిది, పరిహారము మరొకరిది అగును.

ఇందువలన నేను ఈ పద్ధతులకు విరోధినని తలచరాదు. వీని మేలు నేను కండ్లార చూచినాను. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకములో సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు విడతలుగా నడుమ ఎవరి చేయి పడకుండ రైతు ఖాతాలోనికి చేరుచున్నవి. 2016 ఏప్రిలులో ఇ-నామ్ ప్రారంభమైనప్పుడు మొదటి విడతలోనే చేరిన మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. అచ్చటి పసుపు ధర ఎంత పలికినదో ఇంటి వద్దనే తెలిసికొను వీలు కలిగినది. వాన సూచన ముందుగా తెలిసినచో మందు చల్లుట, కోత కోయుట ఒకరోజు వాయిదా వేసికొనవచ్చును. నేర్చుకొనగలవారు తప్పక నేర్చుకొనవలెను. చదువుకొనుచున్న బిడ్డలు తల్లిదండ్రులకు నేర్పవలెను.

“రైతులందరును నేర్చుకొన్నచో ఈ చిక్కు ఉండదు గదా” అని కొందరు మిత్రులు వాదించుచున్నారు. కొంతవరకు నిజమే. “అడగనిదే అమ్మయినా పెట్టదు” అని మనవారు ఊరకే అనలేదు. కాని ఎక్కడ అడుగవలెనో తెలియని బిడ్డను తల్లి పస్తు పెట్టదు. డెబ్బది యేండ్ల వృద్ధుడు, ఒంటరి స్త్రీ రైతు, ఫోను పట్టు దొరకని గూడెము వాసి, వీరందరును నేర్చుకొను వరకు ధాన్యము కళ్ళములో నిలువ యుండదు, వాన ఆగదు. పైగా నేర్చుకొని కూడ వలదనుకొనువారు ఉందురు. వారి హక్కును కాదనుటకు మనమెవరము?

ఇంకొక ప్రమాదము కూడ కలదు. తానుగా అంతర్జాలములో లేని రైతు తరఫున మరొకరు ఉందురు. దుకాణదారుడో, దూరపు బంధువో, తెలిసిన కుర్రవాడో తన ఫోను నంబరు వ్రాయించి పని జరిపించును. ఆనాటికి అది ఉపకారమే. కాని ఆ తరువాత రైతు పేరున వచ్చు ప్రతి సందేశము, ప్రతి ఓ.టి.పి. ఆ ఫోనుకే పోవును. ఇంటి తాళపుచెవి పొరుగువాని మొలత్రాటికి కట్టిన చందమగును. పొరుగువాడు మంచివాడే కావచ్చును, అయినను చెవి మన యొద్ద లేదు.

గ్రామోద్యోగులు చేయవలసినది

నా పొరపాటు నుండి నేర్చుకొని, ఆ తరువాతి పంట నుండి మా మండలములో కొన్ని పద్ధతులు పెట్టుకొన్నాము. అవి ఖర్చు లేనివి. తోటి ఉద్యోగులు పరిశీలింపగోరుచున్నాను.

మొదటిది, స్మార్ట్‌ఫోను లేని రైతుల పేర్లు గ్రామమువారీగా ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెను. నమోదు పని అక్కడి నుండి ప్రారంభింపవలెను. ఫోను ఉన్నవారు తమంతట తామే వత్తురు. లేనివారి యొద్దకు మనము పోవలెను.

రెండవది, వాట్సప్‌లో పెట్టుటతో ప్రకటన చేసినట్లు కాదు. ఆఖరు తేదీని చాటింపు వేయించవలెను. గుడి, మసీదు, చర్చి మైకులలో చెప్పించవలెను. పాల కేంద్రము వద్ద తెల్లవారుజామున చెప్పిన మాట సాయంత్రమునకు ఊరంతయు తిరుగును.

మూడవది, ముసాయిదా జాబితాను కేంద్రము గోడకు అంటించి ఊరకొనరాదు. ప్రతి శివారు పల్లెకు ఒక ప్రతి పంపి, పదిమంది కూడిన చోట పెద్దగా చదివించవలెను. లేని పేరును చదివినప్పుడే ప్రక్కవాడు గుర్తుపట్టి చెప్పును.

నాల్గవది, వ్రేలిముద్ర పడలేదని రైతును త్రిప్పి పంపరాదు. కలుపు తీసి, పత్తి ఏరి, మట్టి పిసికిన వ్రేళ్ళు అరిగిపోవుట సహజము. అది అతని కష్టమునకు గుర్తు. పి.ఎం. కిసాన్‌కు వ్రేలిముద్ర, ఓ.టి.పి., ముఖము గుర్తించు పద్ధతి అని మూడు మార్గములు కలవు. ఒకటి కుదరనిచో మరొకటి చూపవలెను. అవసరమైనచో ఆధార్ కేంద్రములో వ్రేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకొను దారి చెప్పవలెను.

ఐదవది, నమోదైన ప్రతి రైతు చేతిలో కాగితము ఉండవలెను. తెర మీద కనబడినది అతనికి ఆధారము కాదు. రసీదు అతని ట్రంకుపెట్టెలో ఉన్నచో, రేపు తప్పు జరిగినప్పుడు అతడు మనలను నిలదీయగలడు. మనలను నిలదీయు శక్తి రైతుకు ఉండుట మనకును మంచిదే.

రైతులు చేయవలసినది

ఇక రైతు సోదరులకు, సోదరీమణులకు నాలుగు మాటలు. స్మార్ట్‌ఫోను లేదని సిగ్గుపడవలసిన పని లేదు. అయితే ఏమరుపాటు మాత్రము తగదు.

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకము, పట్టాదారు పాసుపుస్తకము, 1-బి, అడంగలు నకళ్ళు, ఇ-పంట రసీదులు ఒక సంచిలో ఒకచోట ఉంచుకొనుడు. ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు బటన్ల ఫోను నంబరైనను మీ సొంతముగా ఉండవలెను. ఓ.టి.పి. ఆ చిన్న ఫోనుకు కూడ వచ్చును. ఇతరుల నంబరు ఉన్నచో ఇప్పుడే మార్పించుకొనుడు.

ఓ.టి.పి.ని ఎవరు అడిగినను ఫోనులో చెప్పకుడు. మీరు స్వయముగా పనికి వెళ్ళి, దేని కొరకో తెలిసికొన్న తరువాతనే వ్రేలిముద్ర వేయుడు. ప్రభుత్వ పథకము పేరు చెప్పి వాట్సప్‌లో వచ్చు యాప్‌లను మీ పిల్లల ఫోనులలో ఎక్కించనీయకుడు. వాని ద్వారా ఖాతాలు ఖాళీ చేయు మోసగాండ్రు ఉన్నారు. పొరపాటున సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయుడు.

సలహా కొరకు అంతర్జాలమే అక్కరలేదు. కిసాన్ కాల్ సెంటరు 2004 నుండి పనిచేయుచున్నది. 1800-180-1551 నంబరుకు ఏ ఫోను నుండియైనను ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు రుసుము లేకుండ మాటాడవచ్చును. తెలుగులోనే జవాబు చెప్పుదురు. పంట వేసిన ప్రతిసారి, “నా పంట ఎక్కినదా? నా ముద్ర పడినదా? రసీదు ఏది?” అని ఈ మూడు ప్రశ్నలు మీ రైతు సేవా కేంద్రములో అడుగుడు. జవాబు దొరకువరకు కదలకుడు. అది మొండితనము కాదు, మీ హక్కు.

ఆ పెద్దాయనను మరుసటి సంవత్సరము వానలు పడగానే నేనే స్వయముగా చేని వద్ద కలిసినాను. నారుమడి ప్రక్కన, గట్టు మీదనే నమోదు, వ్రేలిముద్ర పూర్తియైనవి. ముందు బొటనవ్రేలు పడలేదు, చూపుడువ్రేలు పడినది. రసీదు చేతికియ్యగా మడిచి తలగుడ్డలో పెట్టుకొనుచు, “ఈసారి ఇద్దరం కనబడ్డాం” అన్నాడు. అయినను నిరుడు పోయిన 13,750 రూపాయలు ఆయనకు తిరిగి రాలేదు, రావు.

అందుచేతనే ఇంతగా చెప్పుచున్నాను. రాబోవు పంట నమోదునకు ముందే ప్రతి గ్రామములో ఫోను లేని రైతుల జాబితా తయారు కావలెను. మీ ఊరిలో అట్టివారెవరో మీకు తెలియును. వారి పేర్లు ఈ వారములోనే మీ వ్యవసాయ సహాయకునికి చెప్పుడు.