బాగా జీతమిస్తే నోరు మూసుకోవాలా?

తమ్ముళ్లారా, మన హాస్టళ్లలో ఎవరేది అడిగినా వినబడే మాట ఒకటుంది: "ఉచితంగా తిండి పెడుతున్నారు కదా, ఇంకా అడుగుతారేం?" కాస్మెటిక్ చార్జీలు రాలేదన్నా ఇదే జవాబు. దీనికి గట్టి సమాధానం నాకు ఒక అమెరికా బేస్‌బాల్ ఆటగాడి జీవితంలో దొరికింది. ఆయన పేరు కర్ట్ ఫ్లడ్.

బేస్‌బాల్ మనం ఆడం. క్రికెట్‌లో బౌండరీ దగ్గర పరుగెత్తి క్యాచ్‌లు పట్టేవాణ్ణి ఊహించుకోండి. ఆ ఆటలో అలాంటివాళ్లు ముగ్గురుంటారు, ఔట్‌ఫీల్డర్లంటారు. ఫ్లడ్ ఆ ముగ్గురిలో మధ్యవాడు. 1958 నుంచి 1969 దాకా సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఆడాడు. 1964లో, 1967లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. మంచి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లోవ్ ఆయనకు వరసగా ఏడేళ్లు వచ్చింది.

ఆయన నల్లజాతివాడు. కుర్రతనంలో దక్షిణాది రాష్ట్రాల చిన్న జట్లకు ఆడేటప్పుడు, తెల్ల ఆటగాళ్లు హోటల్లో కూర్చుని తింటుంటే ఈయన వెనక వంటింటి గుమ్మం దగ్గర తినాల్సి వచ్చేది. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1969 అక్టోబరులో కార్డినల్స్ యాజమాన్యం ఆయన్ను ఫిలడెల్ఫియా జట్టుకు ఇచ్చేసింది. ఒక్క మాట అడగలేదు. అప్పటి ఒప్పందాల్లో 'రిజర్వ్ క్లాజ్' అనే షరతుండేది. గడువు తీరినా ఆటగాడు ఆ యజమాని గుప్పిట్లోనే. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి, లేదంటే ఆట మానుకోవాలి. నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మడానికి నేను వస్తువును కానంటూ ఫ్లడ్ డిసెంబరు 24న కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. తర్వాత కోర్టుకెక్కాడు.

అప్పటికి ఆయన జీతం ఏడాదికి 90,000 డాలర్లు. అంత తీసుకుంటూ బానిసనంటావేమిటని టీవీలో అడిగితే, జీతం బాగున్నా బానిస బానిసేనన్నాడు. నాకు నచ్చింది ఈ జవాబే. ఎంత ఇచ్చారన్నది ఒక లెక్క, నన్ను అడిగారా అన్నది వేరే లెక్క. మన హాస్టల్‌ను బానిసత్వంతో పోల్చడం లేదు. హాస్టలే లేకపోతే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చేది కాదు. కానీ పెట్టిన అన్నాన్ని చూపించి ప్రశ్నను ఆపడం ఎక్కడైనా ఒకటే.

"ముందు సెటిలవ్వు, తర్వాత మాట్లాడు" అనే అన్నలకూ ఒక మాట. సెటిలయ్యాక మాట్లాడినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఫ్లడ్ 31 ఏళ్లకే సెటిలైనవాడు, అన్నీ వదులుకుని మాట్లాడాడు. విచారణకు అప్పుడు ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ వచ్చి పక్కన నిలబడలేదు. ఎప్పుడో రిటైరైన జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. మిగతావాళ్ల భయం నాకర్థమవుతుంది, వాళ్ల ఒప్పందాలూ యజమానుల చేతుల్లోనే ఉన్నాయి. అయినా గుర్తుపెట్టుకోవాల్సిన విషయమే.

1970 అంతా ఆయన ఆడలేదు. 1971లో వాషింగ్టన్ జట్టుకు 13 ఆటలాడి మానేశాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయన కేసు కొట్టేసింది. 1975లో మరో ఇద్దరు ఆటగాళ్లు మధ్యవర్తి ముందు గెలిస్తే ఆ షరతు పట్టు వదిలింది. తర్వాత ఆటగాళ్ల జీతాలు లక్షలు దాటి కోట్లకు వెళ్లాయి. ఫ్లడ్ 1997 జనవరిలో చనిపోయాడు. మరుసటి ఏడాది అమెరికా చట్టసభ ఆయన పేరుతో ఒక చట్టం చేసింది.

బేస్‌బాల్ మహామహుల పేర్లుండే 'హాల్ ఆఫ్ ఫేమ్'లో మాత్రం ఆయన్ను చేర్చుకోలేదు. అదే మార్పిడిలో ఫిలడెల్ఫియా నుంచి ఇటు వచ్చిన డిక్ అలెన్‌ను, ఆయన చనిపోయాక, 2024 డిసెంబరులో ఎన్నుకున్నారు.