మందుకు లొంగని క్షయ, మూసిన కిటికీలు

మన నేతవారి కుటుంబములలో క్షయ అను మాట పలుకుటకే సంకోచము. దగ్గు అంటారు, నూలు దుమ్ము అంటారు, వేడి చేసినదంటారు. పిల్లకు సంబంధము కుదిరేవరకు మందుబిళ్ళల పొట్లము కూడ పొరుగువారి కంట పడనీయరు. ఈ దాపరికమును గూర్చి పెద్దలు చెప్పుచునే ఉన్నారు; నేను మరల చెప్పబోను. నేను వ్రాయదలచినది వేరొక సంగతి. మందుకు లొంగని మొండి క్షయ, మధ్యలో మందు మానినవానికే వచ్చునని, అది వాని తప్పేనని మనలో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. అందులో సగమే నిజము. తక్కిన సగము షోలాపూరు, భివండీ కార్ఖానాల గాలిలోను, ముంబయి చాల్ గదులలోను ఉన్నది.

మొదట ఆ నిజమైన సగము చూతము. క్షయరోగి ఊపిరితిత్తిలో పడిన ఒక్క గూడులో పది కోట్ల వరకు క్రిములుంటాయి. ఏ మందూ తినకముందే వానిలో సుమారు పది లక్షలకు ఒకటి ఐసోనియాజిడ్‌కు లొంగనిది ఉంటుంది. రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లకు ఒకటి. ఒకే మందు ఇచ్చినచో లొంగినవి చచ్చి, లొంగనివి మిగిలి, వాని సంతతియే పెరుగును. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూచిన ఇంగ్లండు వైద్యులకు 1948 నాటికే ఇది అనుభవమునకు వచ్చినది. మొదట కోలుకొన్న రోగులలో చాలమందికి కొద్ది నెలలలోనే ఆ మందు పనిచేయుట మానినది. అందుకే సాధారణ క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, పిదప నాలుగు నెలలు మూడు మందులు కలిపి ఇస్తున్నారు. అన్నిటికీ ఒక్కసారే లొంగని క్రిమి ఉండుట దాదాపు అసంభవము. ఒంటి పోగుకు బరువు కట్టరాదని మనవారికి వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో మందు మానినా, ఒకటి తిని ఒకటి వదలినా, మొండి క్రిమి తయారగుట నిజమే.

కాని మన దేశములో 2014 – 2016 మధ్య జరిగి 2018లో వెలువడిన జాతీయ పరిశీలన చూడుడు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండునూ పనిచేయని క్షయ, లోగడ చికిత్స పొందినవారిలో నూటికి పదకొండుగురికి పైగా ఉన్నట్లు తేలినది. లోగడ చికిత్స పొందని కొత్త రోగులలో సైతము నూటికి దాదాపు ముగ్గురికి ఉన్నది. ఈ ముగ్గురు ఏ మందు మానినారు? తిననిది మానుట ఎట్లు? వారికి మొండి క్రిమి మొండి క్రిమిగానే, ఇంకొకరి దగ్గునుండి గాలిలో వచ్చి చేరినది. కొత్త రోగుల సంఖ్య పాతవారి కంటె చాల హెచ్చు గనుక, నూటికి ముగ్గురనునది చిన్న లెక్క కాదు.

మరమగ్గముల షెడ్డులో కిటికీలు ఎందుకు మూస్తారో మనకు తెలియును. గాలిలో తేమ తగ్గితే పడుగు పోగులు తెగును. షోలాపూరు ఎండాకాలములో మరీని. పన్నెండు గంటల షిఫ్టు అంతయు ఆ మూసిన గాలిలోనే. మగ్గముల చప్పుడులో ఒకనితో మాటాడవలెనన్న చెవి దగ్గర నోరు పెట్టి అరవవలసినదే. అరపుతో తుంపరలు మరింత వెడలును. భివండీలో ఒక షిఫ్టువారు లేచిన చాపమీదనే ఇంకొక షిఫ్టువారు పడుకొను గదులున్నాయి. షోలాపూరు ఇండ్లలో మగవాడు దగ్గుచున్న గదిలోనే ఆడవారు పిల్లలను ప్రక్కన పెట్టుకొని బీడీలు చుట్టుచుందురు. నూలు దుమ్ముకు దగ్గు వచ్చుట కూడ నిజము గనుక, ఏ దగ్గు దేనిదో తేలకుండ నెలలు గడచిపోవును.

పూర్వము మిల్లులలో నాడె కంటిలోనుండి పేక పోగును నోటితో పీల్చి లాగు అలవాటు ఉండెడిది. దాని వలన క్షయ అంటునని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రము 1911లో ఆ అలవాటును నిషేధించినది. మంచి పనియే, కాని ఈ రోగమునకు ఎంగిలి కంటె గాలియే పెద్ద దారి. ఎంగిలిని అసహ్యించుకొనుట సులభము, గాలిని ఎవరు అసహ్యించుకొందురు? మన ఇండ్లలో నేటికిని రోగి కంచము, గ్లాసు వేరు చేస్తారు. కిటికీ మాత్రము తెరువరు. ముంబయిలో గోవండీ, మాన్‌ఖుర్ద్ ప్రాంతముల పునరావాస భవనములను పరిశీలించి 2018లో ప్రకటించిన నివేదిక ఈ సంగతినే బలపరచినది. మూడేసి మీటర్ల ఎడముతో ఇరికించి కట్టిన ఆ భవనములలో, గాలి వెలుతురు చొరని కింది అంతస్తులవారికే క్షయ ఎక్కువగా కనబడినది.

ఇక వైద్యుల సంగతి. ధారావిలో 106 మంది ప్రైవేటు వైద్యులను క్షయకు మందు వ్రాయుడని అడిగితే 63 రకముల చీటీలు వచ్చినవి. సరిగా వ్రాసినవారు ఆరుగురే. ఇది 2010లో ప్రకటింపబడిన పరిశీలన. 2011 డిసెంబరులో ముంబయి వైద్యులు, తాము పరీక్షించిన మందులన్నిటికీ లొంగని క్షయ నలుగురిలో కనబడినదని లోకమునకు తెలిపినారు. ఆ నలుగురిలో ముగ్గురు పలువురు వైద్యుల చేతులు మారి, ఒక్కొక్క మందు అరకొరగా తిన్నవారే. అట్టిచోట రోగినే నిందించుట ఏమి న్యాయము?

మందుల దుకాణములో దగ్గుకని అడిగి తెచ్చుకొను లెవోఫ్లాక్సాసిన్ వంటి బిళ్ళలతో ఇంకొక చిక్కు. అది క్షయ క్రిమిమీద కూడ పనిచేయును. నాలుగు రోజులు దగ్గు తగ్గి రోగము కప్పబడును, క్రిమి ఆ మందుకు అలవాటుపడును. మొండి క్షయకు వాడు ముఖ్యమైన మందులలో ఆ జాతివే ఉన్నవి. 2014 మార్చి నుండి ఇట్టి మందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని, అమ్మినదానికి లెక్క ఉంచవలెనని నిబంధన ఉన్నది. అడిగినవానికి అమ్ము దుకాణములు మన వీధులలో ఎన్ని లేవు?

గాలిలో వచ్చునదే అయితే, మొదటి దినమే గళ్ళ పరీక్షతోపాటు ఏ మందు పనిచేయునో కూడ తెలిసికొనవలెను. నా పట్టు అంతయు ఇక్కడనే. సరియైన మందు పడిన రోగి కొద్ది వారములలో ఇతరులకు అంటించుట చాలవరకు మానును. 1959లో ప్రకటించిన మద్రాసు పరిశీలన కూడ, ఇంటివద్దనే మందు తినిన రోగి వలన ఇంటివారికి అదనపు ప్రమాదము లేదని చూపినది. కనుక వెలివేయుట అనవసరము. కాని మొండి క్షయవానికి సాధారణ మందు ఇచ్చి పంపినచో, అతడు ఒక్కరోజు తప్పక తినుచు, నమ్మకముగా, అదే షెడ్డులో నెలల తరబడి అంటించుచుండును. ప్రభుత్వ కేంద్రములలోని సీబీనాట్, ట్రూనాట్ యంత్రములు రిఫాంపిసిన్ పనిచేయునో లేదో గంటలలోనే చెప్పును, ఖర్చు లేదు. లోగడ మొండి క్షయకు ఏడాదిన్నర, రెండేండ్ల చికిత్స, వినికిడి పోగొట్టు సూదులు ఉండెడివి. 2024లో కేంద్ర ప్రభుత్వము అనుమతించిన నాలుగు మందుల కొత్త చికిత్స, తగినవారికి, ఆరు నెలలే, అన్నియు బిళ్ళలే.

ఒక సేటు నాతో, "కిటికీ తెరిస్తే తెగిన పోగుల నష్టము ఎవరు భరిస్తారు?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. పైకప్పున గాలి పోవు దారి, గోడ పైభాగమున బయటికి లాగు పంకా, తేమకు నీటి తుంపర ఏర్పాటు, వీని ఖర్చు చిన్న కార్ఖానాకు బరువే. ఈ అంచనాను మన సంఘము ఒక షెడ్డులో చేయించి చూపినచో వాదము తగ్గును. నేతగానికి మరొక బరువు: పరీక్షకు పోయిన దినము కూలి లేదు, మంచము పట్టితే మగ్గము ఇంకొకనికి పోవును. 2024 నవంబరు నుండి రోగి ఆహారమునకు ప్రభుత్వము నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నది. అంతకు ముందు 500. అది పోయిన కూలికి సరిపడదు. చికిత్స పూర్తి అగువరకు అతని మగ్గము అతనికే ఉంచుదుమని యజమానులు మాట ఇవ్వనిదే ఎవడూ దగ్గును బయటపెట్టడు.

పండుగకో పెండ్లికో స్వంత ఊరు పోవువారు బిళ్ళలతోపాటు నిక్షయ్ సంఖ్య వ్రాసిన కార్డును వెంట ఉంచుకొనవలెను. ఆ సంఖ్యతో ఏ రాష్ట్రములోని ప్రభుత్వ కేంద్రమునకైనా చికిత్సను మార్పించుకొనవచ్చును. షోలాపూరులో మొదలైన మందు సిరిసిల్లలో ఆగనక్కరలేదు.