హాలు ముందు కుక్కలు: ఊరవతల వదిలేస్తే తీరే సమస్య కాదు



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఆరో అంశం ‘హాలు ముందున్న వీధికుక్కల తొలగింపు’. వాటిని బండిలో ఎక్కించి ఊరవతల వదిలేయడానికి ఒకాయన ఒప్పుకున్నాడని, ఖర్చు సంఘం భరిస్తే చాలని కొందరు సభ్యులు అంటున్నారు. నేను దీనికి వ్యతిరేకంగా ఓటు వేస్తాను. కారణాలు సమావేశంలో రెండు నిమిషాల్లో చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

భయపడేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. పోయిన నెల పెళ్లి రోజున వంటమేస్త్రి కొడుకుని, అయిదేళ్ల పిల్లవాణ్ణి, హాలు వెనక కుక్క కరిచింది. మొరిగే కుక్క కరవదని మన సామెత. ఆ పిల్లవాడి కాలు చూసినవాళ్లెవరూ ఇక ఆ సామెత నమ్మరు. ఆ రోజు చుట్టూ చేరిన పెద్దల్లో ఒకరు పసుపు అన్నారు, ఇంకొకరు సున్నం అన్నారు. ఈ రెండూ తప్పే. కుక్క కరిస్తే వెంటనే గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి, డాక్టరు చెప్పిన తేదీల్లో మిగతా డోసులు కూడా పూర్తి చేయాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా పడితే మాత్రం ప్రాణానికి దాదాపు భయం లేదు. ఈ నాలుగు ముక్కలు హాలు వంటింట్లో తెలుగులోనూ తమిళంలోనూ రాసి అతికించాలి. నా మొదటి ప్రతిపాదన ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ కుక్కలు మన హాలు దగ్గరే ఎందుకున్నాయి?

ముహూర్తాల నెలల్లో రాత్రి పదకొండు దాటాక హాలు పక్క సందులోకి వెళ్లి చూడండి. ఎంగిలి విస్తళ్లు, మిగిలిన సాంబారన్నం, పూర్ణాలు, వడలు అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి. పొద్దున కార్పొరేషన్ బండి వచ్చేదాకా అక్కడే. ఆ విందుకు వచ్చిన కుక్కలే ఇవి. మనం విస్తరి వేసి పిలిచి, వచ్చాక తరిమేస్తామంటే ఎలా? ఈ ఆరింటిని తీసుకెళ్లి వదిలేసినా, కుప్ప అక్కడే ఉంటే పక్క వీధి నుంచి ఇంకో ఆరు వస్తాయి. వచ్చేవాటికి టీకా పడిందో లేదో మనకు తెలియదు. తీసుకెళ్లినవి కొత్త చోట తిండి తెలియక, అక్కడి కుక్కలతో కొట్లాడి చస్తాయి, లేదా ఇంకో తల్లి కన్నబిడ్డను కరుస్తాయి. మన బాధను ఎవరి గుమ్మంలోనో దించి రావడం పరిష్కారం కాదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, మన చెన్నపట్నం అనుభవమే. ఈ ఊరి కార్పొరేషన్ పంతొమ్మిదో శతాబ్దం నుంచి 1996 దాకా కుక్కల్ని పట్టి చంపుతూనే ఉంది. కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. కెప్టెన్ వి.సుందరం ఈ ఊళ్లోనే 1959లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ 1960ల నుంచే ఒక మాట చెబుతూ వచ్చింది. చంపొద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఉన్నచోటే వదలండి అని. 1996లో కార్పొరేషన్ కూడా ఆ దారికే వచ్చింది. తర్వాత 2001లో దేశమంతటికీ అదే నియమమైంది. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు, చూలు రెండు నెలలే. ఆ లెక్కకు అడ్డుకట్ట వేయగలిగేది ఆపరేషన్ ఒక్కటే.

ఇక చట్టం సంగతి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ అయిన కుక్కను పట్టినచోటే తిరిగి వదలాలి. చెవికి చిన్న కోత ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం మినహాయించింది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదని, వార్డుకు ప్రత్యేక స్థలాలు ఉండాలని కూడా అంది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కల్ని తీసి షెల్టర్లకు పంపమని చెప్పింది. కానీ ఎక్కడా ప్రైవేటు మనిషికి డబ్బిచ్చి బండిలో ఊరవతల వదిలిరమ్మని చెప్పలేదు. రేపు కేసు పెడితే సంతకం చేసిన కార్యదర్శిగారే సమాధానం చెప్పుకోవాలి.

మరి ఏం చేద్దాం? ఖర్చు తక్కువ, పట్టుదల ఎక్కువ కావాల్సిన పనులు ఇవి.

ఒకటి, హాలు అద్దెకిచ్చే కాగితంలో ఒక షరతు చేర్చాలి. మూతపెట్టిన డబ్బాల్లో ఎంగిలాకులు ఆ రాత్రే సర్దకపోతే అడ్వాన్సులో కోత. తినగలిగిన అన్నం మిగిలితే వేడి ఆరకముందే ఆశ్రమాలకు పంపాలి. ఎంగిలిని పాలిథిన్ సంచుల్లో మూటకట్టి పడేయకూడదు, ఆవులు సంచితో సహా మింగుతాయి. కనుమ నాడు, అంటే ఇక్కడివాళ్ల మాట్టుపొంగల్ నాడు, కొమ్ములకు రంగులేసి దండం పెట్టే మనం మిగతా రోజుల్లో వాటి కడుపులోకి ప్లాస్టిక్ పంపడం ఏం భక్తి?

రెండు, ఈ ఆరు కుక్కల ఫొటోలతో కార్పొరేషన్ 1913 నంబరుకు ఫిర్యాదు ఇచ్చి, ఆపరేషన్, టీకా చేయించాలి. పిల్లవాణ్ణి కరిచిన కుక్క సంగతి విడిగా చెప్పాలి, దాన్ని గమనించడం వాళ్ల పని. ఒకసారి ఫోన్ చేసి ఊరుకుంటే కాదు. చెవి కోత కనిపించేదాకా వెంటపడడానికి ఇద్దరు సభ్యులు పేర్లివ్వాలి. ఒకటి నాది రాసుకోండి.

మూడు, వీధి చివర రోజూ అన్నం పెట్టే పాట్టి ఉన్నారు. మనవాళ్లలో కొందరు ఆమెను కసురుకుంటున్నారు. ఆ కుక్కలు ఆమె పిలిస్తే వస్తాయి. వాటిని టీకాకు పట్టివ్వగలిగేది ఆమె ఒక్కరే. హాలు గేటుకు, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా ఒక మూల కేటాయించమని వార్డు ఆఫీసును అడిగి, ఆమెతో కూర్చుని వేళ నిర్ణయించుకుందాం. పెట్టినచోట శుభ్రం చేయడం కూడా అందులో భాగమే. పెట్టేది మామూలు అన్నమే కావాలి. పాయసంలో ఎండుద్రాక్ష, కూరల్లో ఉల్లిపాయ, చాక్లెట్టు కుక్కలకు విషమే. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి.

నాలుగు, కత్తిరి ఎండల్లో గేటు బయట సిమెంటు తొట్టిలో నీళ్లు పెడదాం. కుక్కలకే కాదు, పిట్టలకూ పిల్లులకూ పనికొస్తుంది. కానీ రోజూ పారబోసి కడిగి నింపాలి, లేకపోతే డెంగీ దోమను పెంచినట్టే.

అయిదు, ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లకు. కార్పొరేషన్ లైసెన్సు, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. 1903లో మొదలైన వేపేరి పశువైద్య కళాశాల మనకు దగ్గర్లోనే ఉంది. దీపావళి రాత్రి కుక్కను గొలుసుతో కట్టేయకండి, కిటికీలు మూసి లోపలి గదిలో ఉంచండి.

“మనుషులకే దిక్కులేదు, కుక్కలకు డబ్బా?” అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పైన చెప్పిన అయిదింటిలో సంఘం డబ్బు పట్టేది మూతల డబ్బాలకు, ఒక తొట్టికి. బండివాడు అడిగినదాని కంటే ఇది ఎక్కువ కాదు. దీనివల్ల మొదట బాగుపడేది కూడా మనుషులే. హాలు వెనక ఆడుకునే వంటవాళ్ల పిల్లలు, రాత్రి గేటు తీసే వాచ్‌మన్, పూలు తెచ్చే అమ్మ.

ఇంకొకరు, “ఇది వీధి సంగతి, మన తెలుగువాళ్లకెందుకు?” అన్నారు. మన తాతలు ఈ వీధికొచ్చి నాలుగు తరాలైంది. ఉగాదికి వీధంతా మామిడాకుల తోరణాలు కడతాం. తోరణం కట్టేటప్పుడు మనదైన వీధి, చెత్త తీయాల్సి వచ్చేసరికి పరాయిదవుతుందా?

ఆరో అంశాన్ని ‘తొలగింపు’ బదులు ‘ఆపరేషన్, టీకా, చెత్త నిర్వహణ’ అని మార్చమని లిఖితపూర్వకంగా కోరుతున్నాను. బలపరిచేవాళ్లు సమావేశానికి తప్పకుండా రండి. కాదనేవాళ్లు కూడా రండి, కానీ వచ్చేముందు ఒక్కసారి ఆ సందులోకి తొంగిచూసి రండి.