రెండు సిలిండర్లు ఆగితే ఇంటికి మిగిలేదెంత? ఘన్‌పూర్ రోడ్డు మీద మైలేజీ లెక్క

కారు కొనేటప్పుడు మన ఇళ్లల్లో ముందు అడిగే మాట ఒక్కటే: "లీటరుకు ఎంత ఇస్తది?" ఇప్పుడు షోరూంలో ఆ ప్రశ్నకు జవాబుగా కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. సిలిండర్ డీయాక్టివేషన్, స్టార్ట్-స్టాప్, స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇవన్నీ నిజంగా పని చేసేవే. కానీ ఎవరి బండిలో, ఏ రోడ్డు మీద అన్నదే అసలు లెక్క.

స్టేషన్ ఘన్‌పూర్ సంగతే చూడండి. హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారి 163 మీద ఉన్న ఊరు. పెళ్లికైనా, ఆస్పత్రికైనా, రంజాన్ షాపింగ్‌కైనా ఒకవైపు హన్మకొండ, మరోవైపు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో హైదరాబాద్. నాలుగు లైన్ల రోడ్డు మీద బండి 80 స్పీడుతో నిలకడగా పోతుంటే ఇంజిన్‌కు పెద్దగా బలం అక్కర్లేదు. అప్పుడు గాలి లోపలికి వచ్చే దారి చాలావరకు మూసుకొని ఉంటుంది. ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజిన్ కొంత శక్తి ఖర్చు చేస్తుంది. నాలుగు సిలిండర్లలో రెండింటి వాల్వులు మూసి, వాటికి పెట్రోల్ ఆపేస్తే మిగిలిన రెండూ గట్టిగా పని చేయాలి. గాలి దారి ఎక్కువ తెరుచుకుంటుంది, వృథా తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే నాలుగూ మళ్లీ అందుకుంటాయి.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. అమెరికాలో కాడిలాక్ 1981లోనే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో దీన్ని పెట్టింది. అప్పటి ఎలక్ట్రానిక్స్ తట్టుకోలేక బాగా ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు కంప్యూటర్లు మెరుగయ్యాయి. మన దేశంలో ఫోక్స్‌వాగన్ టైగూన్, స్కోడా కుషాక్‌ల 1.5 లీటర్ ఇంజిన్లతో 2021లో ఇది మధ్యతరగతి కళ్లముందుకొచ్చింది.

మరి మిగిలేదెంత? ఇలాంటి 1.4 లీటర్ ఇంజిన్‌తో యూరప్ పరీక్షలో 100 కిలోమీటర్లకు 0.4 లీటర్ ఆదా అని ఫోక్స్‌వాగన్ 2012లో చెప్పింది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడాదికి 48 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే 5,136 రూపాయలు. అదీ రోడ్డు ఖాళీగా, కాలు నిలకడగా ఉంటేనే.

ఇప్పుడు పన్ను చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారుపై జీఎస్టీ 18 శాతం. ఈ కొలతలు దాటిన పెట్రోల్ కారుపై 40 శాతం. రెండు సిలిండర్లు ఆపే 1.5 లీటర్ కారు ఈ రెండో వరుసలోనే ఉంటుంది. ఆదా కోసమే అంత పెద్ద కారుకు పోతే ఏడాదికి 5,000 చొప్పున ఆ తేడా ఎప్పటికి తీరాలి?

అయితే కంపెనీలు ఇవన్నీ ఎందుకు పెడుతున్నాయి? 2022-23 నుంచి కంపెనీ అమ్మే కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు సుమారు 113 గ్రాములు దాటొద్దని కేంద్రం నిబంధన. కాబట్టి ఒక్కో గ్రాము కంపెనీకి ముఖ్యం. మీ జేబు లెక్క వేరు.

మరోపక్క పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. దానికి తగ్గట్టు తయారు కాని కార్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం తగ్గొచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ఒప్పుకుంది. లీటరుకు 15 ఇచ్చే పాత కారుకు అది ఏడాదికి సుమారు 25 నుంచి 51 లీటర్లు. అంటే కొత్త టెక్నాలజీ ఇచ్చేది ఎంతో, పాత బండిలో ఇథనాల్ తీసేది ఇంచుమించు అంతే.

అందుకే మీ రోడ్డు చూసి కొనండి. ఎక్కువగా హైవే మీదే తిరిగితే సిలిండర్ డీయాక్టివేషన్ కాస్త పనికొస్తుంది. ఉప్పల్ లాంటి సిగ్నళ్ల దగ్గర స్టార్ట్-స్టాప్, రోజంతా సిటీలో తిరిగేవాళ్లకు స్ట్రాంగ్ హైబ్రిడ్ మేలు. వారానికోసారి బండి తీసే ఇంటికి చిన్న ఇంజిన్ చాలు.

పైసా ఖర్చు లేని ఆదా కూడా ఉంది. స్పీడు 80 నుంచి 100కు పెంచితే గాలి అడ్డుకునే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి, అవసరం లేనప్పుడు పైన క్యారియర్ తీసేయండి. ఈ రెండూ పాత బండికీ పని చేస్తాయి, కిస్తీ కట్టాల్సిన పని లేదు.