మునుకోలకర్ర, కొడవలి, తెడ్డు



రెండు పొట్టి కర్రలను తాడుతోనో సైకిల్ చైనుతోనో కలిపి కట్టి, వీధిలో గిరగిర తిప్పే కుర్రవాళ్లను మనలో చూడనివారు అరుదు. 1970లలో బ్రూస్ లీ సినిమాలతో మొదలైన ఈ మోజు ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోలతో పల్లెల్లోకి కూడా వచ్చింది. తల్లిదండ్రులు కోప్పడతారు, పిల్లలు దానిని గడ్డివామిలో దాచుకుంటారు. అసలు ఆ వస్తువు ఏమిటో, ఎక్కడిదో ఈ నెల మనము తెలుసుకుందాము.

దాని పేరు నంచాకు. పుట్టిల్లు ఒకినావా. జపానుకూ తైవానుకూ నడుమ సముద్రంలో వరుసగా ఉన్న దీవులలో అది పెద్దది. ఆ దీవులు 1429 నుండి 1879 వరకు ర్యూక్యూ అనే ప్రత్యేక రాజ్యంగా ఉన్నాయి. 1609లో జపానులోని సత్సుమా ప్రభువులు దండెత్తి ఆ రాజ్యాన్ని లోబరచుకున్నారు. 1879లో జపాను దానిని పూర్తిగా తనలో కలుపుకున్నది. అక్కడి పాత ఆయుధ విద్యను కొబుడో అంటారు.

ఆ ఆయుధాల పేర్లు వింటుంటే మన రైతు ఇంటి వసారా కళ్లకు కడుతుంది. 'బో' అంటే ఆరడుగుల కర్ర. అది కావడి బద్ద నుండి వచ్చిందని చెబుతారు. 'కామా' కొడవలి. 'కువా' పార. 'ఎకు' జాలరివాని తెడ్డు. దానితో ఇసుక ఎగజిమ్మి ఎదుటివాని కళ్లలో కొట్టడం కూడా ఆ విద్యలో భాగమే. 'తొన్ఫా' తిరగలి పిడి అంటారు. ఇక నంచాకు గింజలు రాల్చే కర్ర అని కొందరు, గుర్రపు కళ్లెం నుండి వచ్చిందని కొందరు అంటారు.

రాజులు ఆయుధాలు లాగుకుంటే పేద రైతులు పనిముట్లనే ఆయుధాలుగా మార్చుకున్నారని లోకమంతా చెప్పుకునే కథ. బేసిల్ హాల్ అనే ఇంగ్లీషు నౌకాధికారి 1816లో ఆ దీవికి వెళ్లాడు. మరుసటి ఏడు సెయింట్ హెలెనా దీవిలో ఖైదులో ఉన్న నెపోలియన్‌ను కలిసి, అక్కడి వారికి ఆయుధాలే లేవని చెప్పగా ఆ మహా యోధుడు నమ్మలేకపోయాడట! అయితే ఈ కథలో నిజం కొంతే. షో షిన్ రాజు కాలంనాటి 1509 శాసనాన్ని పరిశీలించిన చరిత్రకారులు, ఆయన ఆయుధాలను దేశ రక్షణ కోసం సమకూర్చి ఉంచాడే గాని వాటిని మాన్పించలేదని అంటున్నారు. 'సై' అనే మూడు మొనల ఇనుప ఆయుధం నేరస్థులను పట్టుకునే రాజభటుల చేతిలోనిది. ఈ విద్యను నేర్పిన గురువులలో చాలామంది రాజోద్యోగుల కుటుంబాలవారు. కాబట్టి ఇది రైతుల విద్య మాత్రమే కాదు.

ఈ కథ మనకు కొత్తగా తోచదు. ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశంలో కమ్మరివాడు లేకుండా చేశారని, నాగటి నక్కు పదును పెట్టించుకోవడానికి కూడా వారి యొద్దకే పోవలసి వచ్చిందని మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో చదువుతాము. న్యాయాధిపతులు 3వ అధ్యాయంలోని షమ్గరు చేతిలో ఉన్నది మునుకోలకర్ర. మన పల్లెలలో ఎద్దులను అదిలించే ములుగర్ర అదే గదా!

మనకూ ఇటువంటి విద్య ఉన్నది. అదే కర్రసాము. నిలువెత్తు వెదురు కర్ర, ఒక గురువు, కాస్త చదునైన నేల ఉంటే చాలు. వెనుక ఊరూరా తాలింఖానాలలో నేర్పేవారు. "నేల విడిచి సాము" అనే మాట కూడా అక్కడ పుట్టినదే. కాలు నేలమీద నిలవనివాడు కర్ర తిప్పలేడు.

అయితే దసరా ఊరేగింపులలోను, పీర్ల పండుగలోను కర్రసాము ఆడతారు గనుక, మన పిల్లలను పంపవచ్చునా అని సంఘాలలో కొందరు సందేహపడుతుంటారు. ఊరేగింపు వేరు, విద్య వేరు. కర్ర ఏ మతానిదీ కాదు. మొదలుపెట్టే ముందు నేలకు మొక్కే ఆచారం మీ మనస్సాక్షికి అభ్యంతరమైతే, ఆ సంగతి గురువుగారితో ముందే మర్యాదగా చెప్పండి. నిలబడి నమస్కరించి మొదలుపెట్టవచ్చునా అని అడగండి. ఆడపిల్లలను కూడా పంపండి.

మనము నిజంగా భయపడవలసినది నేర్చిన చేతికి కాదు, నేర్వని చేతికి. గట్టు దగ్గర తగవు వస్తుంది. మాటకు మాట పెరుగుతుంది. చేతికి అందిన పారో, గొడ్డలో లేస్తుంది. ఒక్క నిమిషంలో ఒక ఇంటి మనిషి సమాధుల తోటకు, ఇంకొక ఇంటి మనిషి జైలుకు పోతాడు. మిరపచేను మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ రెండు ఇళ్ల పిల్లలే దిక్కులేనివారవుతారు.

కొబుడో నేర్చేవాడు మొదట 'కటా' నేర్చుకుంటాడు. అంటే ఎదుట ఎవరూ లేకుండా, ఒక వరుసలో ఒంటరిగా చేసే సాధన. వంగి నమస్కరించి మొదలుపెడతాడు, నమస్కరించే ముగిస్తాడు. దెబ్బ ఎంత దూరంలో ఆపాలో ఏళ్ల తరబడి నేర్చుకుంటాడు. 1945 యుద్ధంలో ఒకినావా నేలమట్టమయ్యాక కూడా ఈ సాధనలు నిలిచాయంటే, తైరా షింకెన్ (1897–1970) వంటి గురువులు వాటిని ఒక్కొక్కటిగా సేకరించి శిష్యులకు అప్పగించినందువల్లనే.

కర్ర అనగానే కొట్టడమే గుర్తుకు రానక్కరలేదు. 23వ కీర్తనలో కాపరి చేతి కర్ర గొర్రెకు ధైర్యమిస్తుంది. 1929లో గాంధీగారు వేటపాలెం సారస్వత నికేతనానికి శంకుస్థాపన చేయ వచ్చినప్పుడు జనం తాకిడికి ఆయన చేతికర్ర విరిగింది. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంవారు దానిని భద్రపరచారు. మన జిల్లాలవారు పిల్లలను తీసుకొని వెళ్లి చూపించండి. ఎవరినీ కొట్టని కర్ర కూడా చరిత్రలో నిలుస్తుందని వారికి తెలుస్తుంది.

ఇక ఇంటి సంగతి. సైకిల్ చైనుతో కట్టిన నంచాకు మొదట తిప్పేవాని తలకే తగులుతుంది. దానిని విప్పించండి. తిట్టి ఊరుకోక, పిల్లవానికి ఒక మంచి గురువును చూపించండి. పొలం నుండి రాగానే కొడవలి, గొడ్డలి వాటి చోట పెట్టే అలవాటు చేయండి. తగవు పెరిగేటప్పుడు, చేతిలోని పనిముట్టును ముందుగా నేలమీద పెట్టి తరువాత మాట్లాడండి. తండ్రి అలా చేయగా చూసిన కొడుక్కు మరొకరు చెప్పవలసిన పని ఉండదు.