ఏ యూరికి? ఏ దరకు?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పల్లెలలో సుగ్గి యను మాటకు ఒక ప్రత్యేకార్థము గలదు. కన్నడమున సుగ్గి యనగా పంటకోతల కాలము. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడు వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే గనుక, ఈ మాట యచ్చటి తెలుగువారి నోట వినబడుటలో వింత లేదు. అయితే కన్నడ సీమలో సుగ్గి యనగా ఇంటికి ధాన్యము వచ్చుట. ఇచ్చట సుగ్గికి పోవుట యనగా ఇంటికి తాళము వేసి, ముసలివారిని అరుగుమీద విడిచి, ఒరుల పంట కోయుటకు పోవుట.

కోసిగి, కౌతాళము, మంత్రాలయము, పెద్దకడబూరు, హొళగుంద మొదలగు మండలముల నుండి ఏటేట కుటుంబములు కుటుంబములే ఇట్లు కదలుచున్నవి. కొందఱు తెలంగాణమునకు పత్తి యేరుటకును, కొందఱు గుంటూరు, పల్నాడు సీమలకు మిరపకోతకును, మఱికొందఱు బెంగుళూరునకు కట్టడపు పనులకును పోవుదురు. కారణము వేఱుగ జెప్ప నక్కఱలేదు. నల్లరేగడి భూమి మంచిదే గాని వాన చాలదు. తుంగభద్ర దిగువ కాలువ ఈ సీమ గుండ పోవుచున్నను చివరి పొలములకు నీరు చేరునా లేదా యనునది ఏటేటి సందేహమే. ఈ వలసను గూర్చి పత్రికలలో జాలిమాటలు తఱచుగ వచ్చుచుండును. మేము జాలి కొఱకు వ్రాయుట లేదు. ఈ స్త్రీలు ఏ యూరికి పోవలెనో, ఏ దరకు పని చేయవలెనో ఎట్లు నిర్ణయింతురు, ఆ నిర్ణయములో వారి మాట యెంత యున్నది అను విషయమును మాత్రమే విచారింతము.

ఊరిని ఎన్నుకొనుటలో మొదటిది పరిచయము. పోయిన యేడు ఏ రైతు కూలి సరిగా నిచ్చెనో, ఏ చేని దగ్గఱ మంచినీరు గలదో, ఏ యూరివారు ఈడు వచ్చిన పిల్లలు గల గుడారములవైపు రాత్రివేళ రాకుండిరో, ఈ సంగతులన్నియు ఆడువారి నోటనే పల్లె కెక్కును. ఇప్పుడు చేతిలో ఫోను గలదు గనుక ముందుగా బోయినవారు వెనుకనున్నవారికి కబురు చెప్పుదురు. రెండవది మేస్త్రీ. అతడు రైతులతో మాటాడి, బండి కుదిర్చి, ముందుగా కొంత పైక మిచ్చి జనమును గూర్చును. ఈ ముందు పైకమే చిక్కు. పండుగకో, వైద్యమునకో, బిడ్డ పెండ్లికో పుచ్చుకొన్న సొమ్ము తీరువరకు ఊరి నెన్నుకొను స్వతంత్రము మేస్త్రీదే గాని ఆమెది కాదు. అప్పు లేని యిల్లాలు మూడూళ్ల దరలు విచారించి బయలుదేరును. అప్పున్న యామె చెప్పినచోటికి బయలుదేరును. ఒకే వీధిలో ప్రక్క ప్రక్క యిండ్లలో ఈ భేదము కనబడును.

దర విషయము మఱింత సూక్ష్మమైనది. పత్తికి కిలోచొప్పున దర కుదుర్చుట తఱచు. వినుటకు న్యాయముగనే యుండును. కాని మొదటి ఏరుడులో కాయలు విరగబూసి చేతికి నిండుగ వచ్చును. మూడవ ఏరుడు నాటికి చెట్టుకు నాలుగు కాయలు మిగులును. నడక అంతే, ఎండ అంతే, తూకము మాత్రము తగ్గును. ఉదాహరణకు కిలో పది రూపాయల చొప్పున ఒకామె మొదటి యేరుడులో రోజునకు నలువది కిలోలు ఏరినచో నాలుగు వందలు వచ్చును. కడపటి యేరుడులో ఇరువదియైదు కిలోలే వచ్చినచో, అదే దరకు రెండు వందల యేబదియే. పూర్వపు కూలి నిలుపుకొనవలెనన్న కిలో పదునాఱు రూపాయలు కావలెను. మొదట కుదిర్చిన దర కడవఱకు అదే యని యొప్పుకొనుట యనగా ఏమో యీ లెక్కలో తెలియును. ప్రతి యేరుడునకు వేఱుగ దర మాటాడుకొనుట యే మందు.

మఱియొకటి. ఎక్కువ దర గల దూరపు టూరు ఎల్లప్పుడు లాభము కాదు. అఱువది దినములు ఇల్లు విడిచిపోయి, వానకును ప్రయాణమునకును, చేను మాఱుటకును పదునైదు దినములు పోగా, నలువదియైదు దినములు రోజునకు నాలుగు వందల చొప్పున పదునెనిమిది వేలు వచ్చిన దనుకొందము. బండికి పదునైదు వందలు, వంటచెఱకునకు, గుడారపు పట్టాలకు, మందులకు మఱి పదునైదు వందలు పోయినచో మిగులునది పదునైదు వేలు. దానిని అఱువది దినములకు పంచినచో దినమునకు రెండు వందల యేబది. నాలుగు వందల దర యని విని బయలుదేరినామె కంటికి కనబడవలసిన యంకె ఇది. మన యిండ్లలో పాలవానితో కానితో సహా లెక్క చూచుకొను మనము, ఈ లెక్క కష్టమైన దనము. ఎవరైన ఒకసారి వ్రాసి చూపవలె నంతే.

కిలోదరలో దాగియున్న యింకొక సంగతిని మేము దాటిపోజాలము. దినకూలి యైనచో పిల్లవానికి కూలి యీరు గనుక వానిని చేనిలో దింపుట వలన లాభము లేదు. కిలోదర యైనచో ఆఱేండ్ల పిల్ల యేరిన రెండు కిలోలును తల్లి మూటలో కలిసి తూకములోనికి వచ్చును. తల్లిదండ్రులు కఠినులని కాదు. దర స్వభావమే పిల్లను బడినుండి చేనికి లాగుచున్నది. వలస పోవువారి బిడ్డలు స్వగ్రామములోనే యుండి చదువుకొనుటకై ప్రభుత్వమువారు ఋతుపరమైన వసతిగృహములను ఏర్పఱచుట ఈ కారణముననే.

దర నిర్ణయములో కూలివారి మాట లేకున్న నేమగునో ఈ సీమ యొకప్పుడు చూచినది. ధాతు కఱవు అని పెద్దలు చెప్పు 1876-78 నాటి కఱవులో బళ్లారి జిల్లా మిక్కిలి నష్టపోయినది. 1877లో రిచర్డు టెంపుల్ అను దొర సహాయపు పనులలో కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును, కొంత చిల్లరకును తగ్గించెను. రాళ్లు కొట్టువానికి అది చాలదని వైద్యాధికారులే వాదించిన మీదట చెన్నరాజధానిలో మరల పెంచవలసి వచ్చినది.

ఇది మన దేశమునకే ప్రత్యేకమని తలపరాదు. ఇంగ్లండులో లండను తూర్పుపేటల స్త్రీలు బిడ్డలతో గూడ ఏటేట సెప్టెంబరు మాసమున కెంటు సీమకు పోయి, బీరునకు చేదు నిచ్చు హాప్ పూవులను కోయుచుండిరి. యంత్రములు వచ్చువఱకు, అనగా ఇరువదవ శతాబ్దము నడుమ దాటువఱకు ఈ యాచారము సాగినది. షిల్లింగునకు ఎన్ని కుంచములు కోయవలెనను దరపై ప్రతి సంవత్సరము పోట్లాటయే; కొన్ని యేండ్లు పని మానుటయు గలదు. కొలుచువాడు పూవులను అదిమి కొలుచు చున్నాడని స్త్రీల ఫిర్యాదు. మన కాటాదగ్గఱ తేమయనియు, దుమ్మనియు తూకములో తగ్గించుటకును దీనికిని భేదమేమి?

చట్టముల మాట కొంచెము చెప్పవలెను. రాష్ట్రము దాటి మేస్త్రీ ద్వారా కూలికి పోవువారి కొఱకు 1979లో ఒక చట్టము చేసిరి. అయిదుగురు గాని, అంతకు మించి గాని యున్నచో మేస్త్రీ అనుమతి పొందవలెననియు, కూలివారికి ఫొటోతో గూడిన పుస్తక మీయవలెననియు, రాకపోకల ఖర్చు భరింపవలెననియు అందు నుండెను. 2020 నాటి కార్మిక సంహితలో ఈ విషయములు మాఱిన రూపమున చేరినవి. వింత యేమనగా, కోసిగి నుండి గుంటూరునకు పోవునామె ఎంత దూరము పోయినను ఆ 1979 చట్టము దృష్టిలో వలస పోయినది కాదు. 2014 జూను 2వ తేదీ తరువాత తుంగభద్ర దాటి గద్వాలవైపు పోయినామె మాత్రము పరరాష్ట్రపు కూలియైనది. రెండు చోట్లను గుడార మొకటే.

మిరప సీమలలో రైతుల యిండ్ల సోదరీమణులు ఈ పుటను చదువుచున్న యెడల వారికొక మాట. దర మాటాడునపుడు మేస్త్రీ నొక్కనినే పిలువక, కోయు స్త్రీలలో ఇద్దఱినైనను కూర్చుండబెట్టుడు. కూలి పైకమును భర్తచేతికో మేస్త్రీచేతికో మొత్తముగ నీయక, ఎవరి పేర వ్రాసిన తూకము వారికే ఇప్పింపుడు. పండుమిరప కోసిన చేతులు రాత్రి ఎంత మండునో మీ యింట కారము దంచినవారికి తెలియును; చేతులు కడుగుకొనుటకు తొట్టినిండ నీరు పెట్టించుటకు పెద్ద ఖర్చు లేదు.

బయలుదేరువారికి ఉపయోగించు సంగతి మఱియొకటి. 2019 ఆగస్టు నుండి ఆంధ్ర, తెలంగాణముల మధ్య ఆహారభద్రత రేషను కార్డుపై బియ్యమును ఇరువైపుల తీసికొను వీలు కలిగినది. కనుక కార్డును ట్రంకుపెట్టెలో పెట్టి తాళము వేయక వెంట తీసికొనిపోవలెను. అయితే ఇంటివద్ద నుండు ముసలివారి పేరులును ఆ కార్డుమీదనే యున్నచో, వారి వంతు బియ్యము అక్కడనే తీసికొనుటకు విడిచి, తమ వంతు మాత్రము పోయినచోట తీసికొనునట్లు ముందుగానే దుకాణదారుని అడిగి తెలిసికొనవలెను.